కట్టి నేర్చుకొనే విద్య

ఏ విద్యలోనైనా తెలుసుకోవడం ఒక దశ, చేయగలగడం మరొక దశ. ఈ రెండింటి మధ్య దూరం కొన్ని విద్యలలో స్వల్పం, కొన్నింటిలో అత్యధికం. ఛందోలక్షణాలన్నీ కంఠస్థం చేసినవాడు లక్షణజ్ఞుడనిపించుకోవచ్చు గాని, పద్యం కట్టనిదే కవి అనిపించుకోడు. వాస్తుశాస్త్రం చదివినవాడు గోడ కట్టి చూడనిదే ఇటుకకూ సున్నానికీ గల పొత్తు తెలుసుకోలేడు. కంప్యూటరుకు పని చెప్పే విద్య అయిన ప్రోగ్రామింగ్ సరిగ్గా ఈ కోవకు చెందినది. అందులోని సూత్రాలు కొద్ది వారాలలో వల్లె వేయదగినంత కొద్దిపాటివే. ఆ సూత్రాలతో పదిమందికి పనికివచ్చే ఒక సాధనాన్ని నిర్మించడం మాత్రం వల్లెవేతకు లొంగని పని.

ఈ కారణం చేతనే, ప్రోగ్రామింగులో ప్రవేశ పాఠాన్ని చిన్న చిన్న అభ్యాసాల వరుసగా గాక, ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ నిర్మాణంగా నడపాలనే వాదం కొన్ని దశాబ్దాలుగా విద్యావేత్తలలో వినిపిస్తున్నది. ఆ వాదం సమర్థనీయమైనది. అయితే అది సఫలం కావాలంటే మూడు నియమాలు అవసరం. నిర్మాణం చదువు చివర గాక మొదటి వారంలోనే ఆరంభం కావాలి. అది గురువు కనుసన్నలలో మెట్టుమెట్టుగా సాగాలి. విలువ కట్టేటప్పుడు తయారైన వస్తువు కంటె దానిని తయారుచేసిన తీరుకు ఎక్కువ ప్రాధాన్యం లభించాలి. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా ప్రాజెక్టు అనేది పేరుకే మిగులుతుంది.

తెలుగు రాష్ట్రాల ఇంజనీరింగ్ కళాశాలల్లో ప్రస్తుతం కనిపించే పరిస్థితిని ముందుగా పరిశీలించాలి. అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2018లో వెలువరించిన నమూనా పాఠ్యప్రణాళికలో ‘ప్రోగ్రామింగ్ ఫర్ ప్రాబ్లమ్ సాల్వింగ్’ అనే పాఠ్యాంశానికి మొదటి సంవత్సరంలోనే చోటు దక్కింది. సమస్యా పరిష్కారం కోసం ప్రోగ్రామింగ్ అన్నది ఆ పేరుకు అర్థం. పేరులోని ఆశయం ఉదాత్తమైనదే. ఆచరణలో మాత్రం అనేకచోట్ల ఆ పాఠం కొన్ని చిన్న ప్రోగ్రాముల పట్టికగా కుదించుకుపోయింది. ఇచ్చిన సంఖ్య ప్రధానసంఖ్యా కాదా, ఇచ్చిన పదం తిరగేసి చదివినా అదే అవుతుందా, ఫైబొనాచీ శ్రేణిలోని పదాలు ఏవి, రెండు మాత్రికల గుణకారం ఎంత అనే ప్రశ్నలే ఏటేటా తిరిగివస్తుంటాయి. ఒక్కొక్కదానికి సమాధానం ఇరవై, ముప్పయి పంక్తులకు మించదు. విద్యార్థి దానిని రికార్డు పుస్తకంలోకి ఎక్కిస్తాడు. పరీక్షనాడు చీటీలో ఏ ప్రశ్న వస్తే దాని జవాబును జ్ఞాపకం నుండి దించుతాడు. ప్రోగ్రాము నడుస్తుంది, మార్కులు పడతాయి. మరునాటికి అది ఎవరికీ అక్కరలేనిదైపోతుంది.

పెద్ద నిర్మాణానికి అవకాశం నాలుగవ సంవత్సరంలో వస్తుంది. అప్పటికి విద్యార్థి దృష్టి ఉద్యోగాల వేటలో ఉంటుంది. మూడేళ్ళపాటు ముప్పయి పంక్తులు దాటి రాయనివానికి మూడువేల పంక్తుల పని ఎదురైనప్పుడు కాళ్ళూ చేతులూ ఆడవు. ఈ నిస్సహాయతే పెట్టుబడిగా ఒక వ్యాపారం పుట్టింది. సిద్ధంగా ఉన్న ప్రాజెక్టును, దాని నివేదికతోనూ అట్టతోనూ సహా రుసుముకు అందించే దుకాణాలు నగరాలలో వెలిశాయన్నది విద్యార్థిలోకానికి తెలియని రహస్యం కాదు. కొన్నవానిని నిందించడం సులభం. కాని ఆ పనికి అతనిని ఎన్నడూ సిద్ధం చేయని పాఠ్యక్రమానికి కూడా ఆ తప్పులో వాటా ఉన్నది. ఇల్లు కట్టడం నేర్పకుండా ఇటుకలు లెక్కపెట్టడం మాత్రమే నేర్పి, చివరి ఏట మేడ కట్టి చూపమనడం న్యాయం అనిపించుకోదు.

ఈ లోపం తెలుగునాటికే పరిమితమైనదని భావించరాదు. 2001లో మైకేల్ మెక్‌క్రాకెన్ నాయకత్వంలో ఒక అంతర్జాతీయ పరిశోధక బృందం నాలుగు విశ్వవిద్యాలయాలలో ప్రోగ్రామింగ్ ప్రవేశ పాఠం చదివిన 216 మంది విద్యార్థులను పరీక్షించింది. ఇచ్చిన పని అసాధారణమైనదేమీ కాదు. గణిత సమాసాలను లెక్కించే ఒక చిన్న గణనయంత్రం వంటి ప్రోగ్రామును రాయడం. 110 మార్కులకు గాను విద్యార్థుల సగటు 22.89 మాత్రమే. భాషలోని వాక్యనిర్మాణం వారికి కొంతవరకు తెలుసు. సమస్యను భాగాలుగా విడదీసి, ఆ భాగాలను పరిష్కరించి, మళ్ళీ ఒక్కటిగా కూర్చడం మాత్రం వారికి పట్టుబడలేదు. పదాలు తెలిసి వాక్యం కుదరని పరిస్థితి అది.

చేతిపనిని చదువుకు కేంద్రం చేయాలన్న ఆలోచన కంప్యూటరు కంటె ప్రాచీనమైనది. అమెరికాలో విలియం కిల్‌పాట్రిక్ 1918లోనే ప్రాజెక్టు పద్ధతిని ప్రతిపాదిస్తూ వ్యాసం రాశాడు. విద్యార్థి మనఃపూర్వకంగా స్వీకరించిన ఒక ప్రయోజనకర కార్యం చుట్టూ పాఠాలు అల్లుకోవాలన్నది ఆయన ఆశయం. భారతదేశంలో మహాత్మాగాంధీ 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యా సమావేశంలో ఉత్పాదకమైన చేతివృత్తి ద్వారా విద్య గరపాలన్న సిద్ధాంతాన్ని దేశం ముందు ఉంచాడు. జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దానికి పాఠ్యప్రణాళికా రూపం కల్పించింది. అదే నయీ తాలీం. రాట్నం తిప్పుతూ బాలుడు లెక్కలు, భూగోళం, చరిత్ర నేర్చుకొంటాడన్న ఆ విశ్వాసంలో ఒక లోతైన సత్యం ఉన్నది. ప్రయోజనం కనిపించే పనిలో మునిగిన మనస్సు, అవసరమైన జ్ఞానాన్ని తానే వెతుక్కొంటుంది.

కంప్యూటర్ రంగంలో ఈ భావన వేళ్ళూనడానికి ఎంతో కాలం పట్టలేదు. 1964 మే 1వ తేదీన అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే గణితాచార్యులు బేసిక్ అనే భాషను అమలులోకి తెచ్చారు. సాహిత్యం చదివే విద్యార్థి కూడా కంప్యూటరును స్వయంగా ఉపయోగించగలగాలన్నది వారి సంకల్పం. 1967లో సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫూర్జైగ్ ప్రభృతులు పిల్లల కోసం లోగో భాషను రూపొందించారు. తెరపై ఒక తాబేలును నడిపిస్తూ పిల్లలు బొమ్మలు గీస్తారు. గీసిన బొమ్మ తప్పితే ఎక్కడ తప్పిందో తామే కనిపెడతారు. పాపర్ట్ 1980లో ప్రకటించిన ‘మైండ్‌స్టార్మ్స్’ గ్రంథంలో తప్పును శిక్షార్హంగా గాక, సవరించి ముందుకు సాగవలసిన మెట్టుగా చూపాడు. పదిమందికీ చూపదగిన ఒక వస్తువును నిర్మిస్తున్నప్పుడే జ్ఞానం గట్టిపడుతుందన్న ఆయన సిద్ధాంతం నేటి ప్రాజెక్టు బోధనకు పునాది.

విశ్వవిద్యాలయ స్థాయిలో ఈ భావనను ధైర్యంగా ఆచరించినవారిలో స్విట్జర్లాండుకు చెందిన జూరిచ్ సమాఖ్య సాంకేతిక విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆచార్య బెర్ట్రాండ్ మేయర్ ఒకరు. 2003లో ఆయన అక్కడ ప్రవేశ పాఠాన్ని చేపట్టి దాని క్రమాన్ని తలకిందులు చేశారు. సాధారణంగా మొదట ‘హలో’ అని తెరపై కనిపింపజేసే రెండు పంక్తుల ప్రోగ్రాముతో బోధన మొదలవుతుంది. మేయర్ తరగతిలో విద్యార్థులకు ఆదిలోనే ఒక పెద్ద సాఫ్ట్‌వేర్ అందింది. ‘ట్రాఫిక్’ అనే ఆ సాఫ్ట్‌వేర్ ఒక నగరంలోని రవాణా మార్గాలను, స్టేషన్లను, ప్రయాణాలను తెరపై చూపుతుంది. విద్యార్థి మొదట దాని భాగాలను పైపైన ఉపయోగించడం నేర్చుకొంటాడు. తరువాత ఒక్కొక్క భాగం మూత తెరిచి లోపలి పనితీరును గ్రహిస్తాడు. చివరకు దానికి తన భాగాన్ని జోడిస్తాడు. ఈ అనుభవాల ఆధారంగా ఆయన 2009లో ‘టచ్ ఆఫ్ క్లాస్’ అనే పాఠ్యగ్రంథాన్ని వెలువరించారు. ఇందులో గమనింపదగిన విషయం ఒకటున్నది. ప్రారంభకుడు పెద్ద నిర్మాణాన్ని ఒంటరిగా పునాది నుండి లేపనక్కరలేదు. పెద్ద ఇంటిలో అతిథిగా ప్రవేశించి, క్రమంగా ఆ ఇంటి పనివాడై, తుదకు ఒక గదిని తానే కట్టగలవాడు కావచ్చు.

పెద్ద నిర్మాణం నేర్పి చిన్న అభ్యాసం నేర్పలేనిది ఏమిటన్న ప్రశ్న సహజం. భాగాలను కలపడం అందులో మొదటిది. 1996 జూన్ 4వ తేదీన ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రయోగించిన ఏరియన్-5 రాకెట్టు గగనానికి ఎగసిన సుమారు 40 సెకన్లలోనే ధ్వంసమైపోయింది. అందులోని మార్గదర్శక సాఫ్ట్‌వేరులో ఒక భాగాన్ని అంతకుముందరి ఏరియన్-4 నుండి తీసుకొన్నారు. పాత రాకెట్టులో అది చక్కగా పనిచేసింది. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ కావడంతో 64 బిట్ల సంఖ్యను 16 బిట్ల స్థానంలో ఇమిడ్చే చోట లెక్క పొంగిపొరలి, మార్గదర్శక వ్యవస్థ చేష్టలుడిగింది. విడిగా చూసినప్పుడు నిర్దోషంగా కనిపించిన భాగం, కొత్త సమష్టిలో చేరినప్పుడు ప్రమాదకారి అయింది. ముప్పయి పంక్తుల ప్రోగ్రాములు వంద రాసినా ఈ పాఠం బోధపడదు. తాను రాసిన రెండు భాగాలు ఒకదానితో ఒకటి పొసగక మొరాయించినప్పుడే విద్యార్థికి అది అనుభవానికి వస్తుంది.

ఇతరులతో కలిసి పనిచేయడం రెండవది. ఫ్రెడరిక్ బ్రూక్స్ ఐబీఎం సంస్థలో ఒక మహత్తర సాఫ్ట్‌వేర్ నిర్మాణానికి సారథ్యం వహించి, ఆ అనుభవంతో 1975లో ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ అనే గ్రంథం రచించాడు. వెనుకబడిన పనికి మనుషులను చేర్చినంత మాత్రాన అది వేగిరపడదని, కొత్తవారికి పని తెలియజెప్పడంలోనే ఉన్న కాలం కూడా హరించుకుపోతుందని ఆయన నిరూపించాడు. ఒకరు రాసినదాన్ని మరొకరు చదివి అర్థం చేసుకొని కొనసాగించడం ఈ వృత్తికి ప్రాణం. ఈ విషయం తెలుగువారికి కొత్త కాదు. పదకొండవ శతాబ్దిలో నన్నయ ఆరంభించిన ఆంధ్రమహాభారతం అరణ్యపర్వం నడుమ ఆగిపోయింది. పదమూడవ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాలు రచించాడు. మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని పదునాలుగవ శతాబ్దిలో ఎఱ్ఱన పూరించాడు. ఆ పూరణ నన్నయ ధోరణిలో మొదలై క్రమంగా తిక్కన ధోరణిలోకి ఒదిగిందని విమర్శకులు ప్రశంసించారు. ముందువాని మనస్సు తెలుసుకొని, వెనుకవాని రచనకు అతుకు కనబడకుండా పని సాగించిన ఆ వినయం, నేటి సాఫ్ట్‌వేర్ నిర్మాతకు అత్యవసరమైన గుణం.

విద్యార్థులకు అందుబాటులో ఉన్న ఒక ఉదాహరణతో ఈ బోధనా పద్ధతి స్వరూపాన్ని స్పష్టం చేయవచ్చు. పద్యపాదాన్ని ఇస్తే అది ఏ ఛందస్సుకు చెందినదో, లక్షణం ఎక్కడ తప్పిందో చెప్పే సాఫ్ట్‌వేరును ఒక సెమిస్టరులో నిర్మించాలనుకొందాం. తెలుగు తరగతిలో గణవిభజన చేసిన ప్రతి విద్యార్థికీ ఈ పని తెలిసినదే. కాబట్టి సమస్య కొత్తది కాదు, దానిని యంత్రానికి వివరించడమే కొత్త. మొదటి వారాలలో పాదాన్ని అక్షరాలుగా విడగొట్టాలి. ఇక్కడే మొదటి చిక్కు ఎదురవుతుంది. తెలుగు లిపికి 1991 నాటి యూనికోడ్ తొలి ప్రమాణంలోనే స్థానం లభించింది. ఆ విధానంలో ‘క్షే’ అన్నది కంటికి ఒకే అక్షరం, కంప్యూటరు దృష్టిలో నాలుగు సంకేతాలు. కకారం, పొల్లు, షకారం, ఏత్వం వేర్వేరుగా నిలుస్తాయి. పొడవు ఎంత అని పైథాన్ భాషలో అడిగితే నాలుగు అని జవాబు వస్తుంది. అక్షరం అంటే ఏమిటన్న ప్రశ్నకు విద్యార్థి జీవితంలో తొలిసారిగా నిర్దుష్టమైన నిర్వచనం రాయవలసివస్తుంది.

తరువాతి దశ గురులఘు నిర్ణయం. దీర్ఘం గురువు, అనుస్వార విసర్గలతో కూడినది గురువు అని చెప్పడం తేలికే. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం కూడా గురువే. ‘సత్యము’ అన్న పదంలో సకారం హ్రస్వమే అయినా, వెనుక ‘త్య’ ఉన్నందున గురువవుతుంది. అంటే ప్రస్తుత అక్షరాన్ని నిర్ణయించడానికి రాబోయే అక్షరాన్ని చూడాలి. షరతులు, ఆవృత్తులు, జాబితాలు అనే ప్రోగ్రామింగ్ పాఠాలన్నీ ఈ ఒక్క చిక్కులో విద్యార్థికి అవసరమై ఎదురువస్తాయి. ఆ తరువాత మూడేసి అక్షరాలను గణాలుగా కూర్చి, ఉత్పలమాలకు భ ర న భ భ ర వ అనే గణాలు, ఇరవై అక్షరాలు, పదవ అక్షరం యతి ఉన్నవో లేవో పరీక్షించాలి. ప్రాస కోసం నాలుగు పాదాలలోని రెండవ అక్షరాలను పోల్చాలి.

పని పూర్తయిందని విద్యార్థి సంతోషించే సమయంలో అధ్యాపకుడు ఒక కొత్త కోరిక కోరాలి. ఆటవెలదిని కూడా గుర్తించాలని చెప్పాలి. అప్పుడు అసలు పరీక్ష మొదలవుతుంది. ఆటవెలది సూర్యగణాలతోను, ఇంద్రగణాలతోను నడిచే పద్యం. సూర్యగణానికి రెండు గాని మూడు గాని అక్షరాలు, ఇంద్రగణానికి మూడు గాని నాలుగు గాని అక్షరాలు ఉంటాయి. గణానికి మూడేసి అక్షరాలని ముందే గట్టిగా బిగించి రాసినవాని ప్రోగ్రాము ఇక్కడ కుప్పకూలుతుంది. మార్పుకు వీలుగా భాగాలు విడదీసి రాసినవాడు ఒక్క భాగం మార్చి గట్టెక్కుతాడు. చక్కని నిర్మాణం అంటే ఏమిటో ఉపన్యాసం ద్వారా చెప్పినప్పుడు అది నీతివాక్యంగానే వినిపిస్తుంది. పదిరోజుల పని ఒక్క కోరికతో చెడిపోయినవానికి మాత్రం అది మరపురాని జ్ఞానమవుతుంది. రికార్డు పుస్తకంలోని ప్రోగ్రామును ఎవరూ ఎన్నడూ మార్చమని అడగరు. అందువల్ల అది ఈ పాఠాన్ని నేర్పలేదు.

ఈ పద్ధతిపై బలమైన ఆక్షేపణలు లేకపోలేదు. 2006లో పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ అనే విద్యామనోవైజ్ఞానికులు ఒక ప్రసిద్ధ వ్యాసంలో, మార్గదర్శనం కొరవడిన అన్వేషణాత్మక బోధన ప్రారంభకులకు మేలు చేయదని వాదించారు. మనిషి తాత్కాలిక స్మృతి పరిమితమైనది. ఒకేసారి పది కొత్త విషయాలు మీదపడితే ఏదీ మనస్సుకు ఎక్కదు. 2004లో రేమండ్ లిస్టర్ తదితరులు ఏడు దేశాల విద్యార్థులపై జరిపిన అధ్యయనం మరొక చేదునిజాన్ని బయటపెట్టింది. అనేకులు స్వయంగా రాయలేకపోవడమే గాక, ఎదుట ఉన్న చిన్న కోడును చదివి అది ఏమి చేస్తుందో కూడా చెప్పలేకపోయారు. అక్షరాభ్యాసం కానివానికి కావ్యరచన అప్పగించడం ఎటువంటిదో, ఆధారాలు తెలియనివానికి పెద్ద ప్రాజెక్టు ఇవ్వడం అటువంటిదే అన్నది ఈ ఆక్షేపకుల సారాంశం.

ఈ మాటలో సత్యం ఉన్నది. అయితే అది ప్రాజెక్టును నిరాకరించే సత్యం కాదు, దిక్కులేని ప్రాజెక్టును నిరాకరించే సత్యం. చిన్న అభ్యాసాలను పూర్తిగా త్యజించమని ఎవరూ కోరనక్కరలేదు. అవి నిర్మాణంలో ఒక భాగానికి సన్నాహంగా రావాలి. ఆవృత్తి పాఠం చెప్పిన వారంలోనే అక్షరాల జాబితాపై ఆవృత్తి నడిపే అవసరం కల్పించాలి. అధ్యాపకుడే చట్రాన్ని సిద్ధంచేసి, అందులో ఖాళీలను విద్యార్థి చేత పూరింపజేయాలి. రాయడానికి ముందు చదివించాలి. ఒక పంక్తి తరువాత మరొక పంక్తి ఏమి జరుగుతుందో కాగితంపై గీసి చూపించమనాలి. జూరిచ్‌లో జరిగినదీ ఇదే. అక్కడ విద్యార్థిని సముద్రంలోకి తోసివేయలేదు, ఓడలో ఎక్కించి చుక్కాని పట్టడం నేర్పారు.

బృందంలో ఒకరు శ్రమించి నలుగురు మార్కులు పంచుకొంటారన్నది మరొక ఆక్షేపణ. ఇది నిత్యం కనిపించే సంగతే. దీనికి మందు బృందాలను చిన్నవిగా ఉంచడం, ఇద్దరు ఒకే యంత్రం ముందు కూర్చొని ఒకరు రాస్తుండగా మరొకరు పరిశీలించేలా చేసి, మధ్యమధ్య స్థానాలు మార్చడం. అన్నిటికంటె ముఖ్యం మౌఖిక పరీక్ష. ప్రతివారం అయిదు నిమిషాలు విద్యార్థిని తన కోడు ముందు నిలబెట్టి, ఈ పంక్తి ఎందుకు రాశావు, దీనిని తొలగిస్తే ఏమవుతుంది అని అడిగితే, కొన్నదెవరో కట్టినదెవరో తేలిపోతుంది. దుకాణంలో ప్రాజెక్టు దొరుకుతుంది గాని, పదునాలుగు వారాల తప్పొప్పుల చరిత్ర దొరకదు.

సమానత్వానికి సంబంధించిన ఆక్షేపణ అన్నిటికంటె సున్నితమైనది. ఇంటిలో సొంత ల్యాప్‌టాప్, చేరువలో శిక్షణ కేంద్రం ఉన్న నగర విద్యార్థికీ, కళాశాల ల్యాబులో తప్ప మరెక్కడా మీటలు నొక్కే అవకాశంలేని గ్రామీణ విద్యార్థికీ ఒకే ప్రాజెక్టు ఇచ్చి, తయారైన వస్తువు తళుకునుబట్టి మార్కులు వేస్తే, ఆ మార్కులు ప్రతిభకు గాక సంపదకు వేసినట్లవుతుంది. తప్పు జరిగినప్పుడు యంత్రం చూపే సందేశాలు ఆంగ్లంలో ఉండడం, తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారికి అదనపు భారం. కాబట్టి ప్రాజెక్టులోని కీలకమైన పని కళాశాల వేళలలోనే, ల్యాబులోనే జరగాలి. సాయంత్రాలు ల్యాబు తలుపులు తెరిచి ఉంచాలి. రంగుల తెరకు గాక, వివరణకు, సవరణకు, పరీక్షించిన తీరుకు మార్కులు దక్కాలి. ఈ ఏర్పాటు చేయకుండా ప్రాజెక్టు పద్ధతిని ప్రవేశపెట్టడం వెనుకబడినవానిని మరింత వెనుకకు నెట్టడమే.

అధ్యాపకుని భారం మాట కూడా విస్మరింపరానిది. అరవైమంది విద్యార్థుల తరగతిలో అరవై రికార్డులపై సంతకం చేయడం ఒక్క మధ్యాహ్నపు పని. వారందరి నిర్మాణాలనూ వారంవారం చదివి సలహా చెప్పడం ఒక్కరి వల్ల అయ్యేది కాదు. మొదటి ఏట ఈ పాఠంలో ఆరితేరిన పై తరగతి విద్యార్థులను సహాయకులుగా నియమించడం దీనికి ఒక మార్గం. బోధించడం వల్ల వారి జ్ఞానమూ పదునెక్కుతుంది. యాజమాన్యాలు భవనాలపై వెచ్చించే శ్రద్ధలో కొంత అధ్యాపకుల సంఖ్యపై వెచ్చించకపోతే, ఎంత మంచి పద్ధతి అయినా కాగితంపైనే నిలిచిపోతుంది.

ఇటీవలి కాలంలో ఈ చర్చకు కొత్త తీవ్రత వచ్చింది. 2022 నవంబరు 30న చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోకి వచ్చిన తరువాత, ప్రధానసంఖ్యల ప్రోగ్రామునో మాత్రికల గుణకారాన్నో క్షణాలలో రాసి ఇచ్చే యంత్రాలు విద్యార్థి చేతికి వచ్చాయి. రికార్డు పుస్తకం ఏమి పరీక్షిస్తున్నదన్న ప్రశ్నకు ఇప్పుడు జవాబు దొరకదు. కృత్రిమ మేధ పెద్ద ప్రాజెక్టులోని భాగాలను సైతం రాసిపెట్టగలదు. దీన్ని దాచడం వల్ల ప్రయోజనం లేదు. కాని యంత్రం ఇచ్చినది సరియైనదో కాదో తేల్చేవాడు, దానిని మిగిలిన భాగాలతో పొందికగా కూర్చేవాడు, పనిచేయనప్పుడు కారణం వెదికేవాడు మనిషే. ‘సత్యము’లోని సకారాన్ని లఘువుగా లెక్కించిన యంత్రాన్ని తప్పుపట్టాలంటే గురులఘువులు తెలిసి ఉండాలి. ప్రోగ్రాము ఎక్కడ దారి తప్పిందో చూడాలంటే ఒకసారైనా తన చేతితో ఆ దారి వేసి ఉండాలి. తొలి పాఠంలోనే ఆ అనుభవం కలగని విద్యార్థి, యంత్రం చెప్పిన ప్రతిమాటకూ తల ఊపే పరాధీనుడవుతాడు.

ప్రవేశ పాఠం అనేది ఒక విద్యపై విద్యార్థికి ఏర్పడే తొలి అభిప్రాయం. చీటీలో వచ్చిన ప్రశ్నకు కంఠస్థమైన జవాబు దించడమే ప్రోగ్రామింగ్ అని మొదటి ఏట నమ్మినవాడు ఆ నమ్మకాన్ని నాలుగేళ్ళు మోస్తాడు. తాను కట్టినది చిన్నదైనా, పది లోపాలున్నదైనా, మరొకరికి పనికివచ్చిందని చూసినవాడు మాత్రం తనను నిర్మాతగా గుర్తిస్తాడు. ఏటా ఇంజనీరింగ్ కళాశాలల గడప తొక్కుతున్న తెలుగు యువతీయువకులలో ఎందరో తమ ఇంటిలో తొలిసారిగా ఉన్నతవిద్యకు వచ్చినవారు. వారి తల్లిదండ్రుల కష్టార్జితం ఆ చదువులో ఇమిడి ఉన్నది. పట్టాతో పాటు ఒక వస్తువును స్వయంగా నిర్మించగల చేవను వారికి అందించడం విద్యాసంస్థల విధి. ఆ చేవను కొనితెచ్చుకోవడానికి వీలులేదని గ్రహించి, తప్పులకు వెరవక, మొదటి వారంలోనే మొదటి రాయి పేర్చడం విద్యార్థుల విధి.